అంకె చెప్పిన చోటు

యుద్ధకాలపు సైనిక తపాలా కార్డులు సేకరించడం నా వ్యాపకం. అందుకే ఎటెల్కా పిన్ని తన భర్త గాస్పార్ రాసిన ఆఖరి కార్డు నా దగ్గరికి తెచ్చింది. ముప్పై ఏళ్ల కిందట, అతను రష్యాలో యుద్ధానికి వెళ్లినప్పటిది. "డాన్ నది గడ్డకట్టింది. నా కోసం ఎదురుచూడకు," అని ఉంది అందులో.

"ఇది ఎక్కణ్ణించి వచ్చిందో చెప్పు నాయనా. రష్యాలో ఏ ఊరి మట్టిలో ఉన్నాడో తెలిస్తే చాలు," అంది.

చోటు బయటపడకూడదని సైనిక తపాలా ముద్రలో ఊరి పేరుకు బదులు అంకె ఒక్కటే వేసేవారు. ఆ అంకె ఎక్కడిదో తేల్చడానికి నాకు రెండు నెలలు పట్టింది. తేలాక, దొరకలేదని అబద్ధమాడాను.

ఆమె నమ్మలేదు. "దాచకురా," అంది.

"రష్యా కాదు పిన్నీ. మన ఊళ్లోనే, ఈ మిష్కోల్ట్స్‌లోనే, కొండ కింది సైనికాసుపత్రి. ముఖాలు కాలిపోయినవాళ్ల వార్డు."

ఆమె కార్డును బల్లమీద బోర్లా పెట్టింది.

"ఆ చలికాలమంతా ఆ వార్డులో సూప్ తాగించింది నేనేరా. తలనిండా కట్లున్న ఒకాయన నన్ను చూసినప్పుడల్లా గోడవైపు తిరిగిపోయేవాడు. పొగరనుకుని, ఆ మంచం దాటి వెళ్లిపోయేదాన్ని."