మూడో తీర్మానం

జూలై 12, శనివారం పగలు 11.55కి రాయగడలో రెండు జిల్లాల హైస్కూళ్ళ ఆటల సంఘం తొమ్మిది బడులను లీగ్ నుంచి తీసేసింది.

బిస్సమ్ కటక్ బడి అందులో ఒకటి.

ఆ బడి తరఫున సభకు వచ్చిన ఆటల టీచరు విజయదుర్గ అప్పుడు హాల్లో లేదు.

ఆమె పొద్దున్న పదింటికే వచ్చింది. వెంట నీలవేణిని తీసుకొచ్చింది. నీలవేణి పదో తరగతి, ఖోఖో ఆడుతుంది. రాష్ట్ర జట్టు ఎంపికకు లీగ్ బడుల పిల్లలనే పిలుస్తారు. వచ్చే ఏటికి ఆ పిల్లకు వయసు దాటిపోతుంది.

అజెండాలో మూడో తీర్మానం ఇది: నూటయాభై మందికన్నా తక్కువ పిల్లలున్న బడికి ఇకమీదట లీగ్‌లో చోటు లేదు.

వాళ్ళ బడిలో నూట ముప్పై రెండు మంది.

చర్చ భోజనాల తరవాత అని రాసి ఉంది.

సంఘం కార్యదర్శి సన్యాసిరావు ఆమెను వరండాలోకి పిలిచాడు. ఆయనది హోల్‌సేలు బెల్లం వ్యాపారం.

"మీ నాన్నా నేనూ ఒకే ఊరోళ్ళం. నీకు అన్యాయం సేస్తానేటమ్మా? మీ బడికి మినహాయింపు రాసేను. పిల్ల పేరు ఇయ్యాలే భువనేశ్వర్ పంపుతాను."

"నిజంగానా బాబాయ్?"

"ఒకటే సిక్కు." ఆయన హాల్లో వెనక వరస వైపు గడ్డం ఎగరేశాడు. "ఆ ముసలాయన. నోరిప్పేడంటే సభ వాయిదా. సభ వాయిదా పడితే పిల్ల పేరూ అంతే."

వెనక వరసలో ఒక ముసలాయన కూర్చుని ఉన్నాడు. ఒళ్ళో గొడుగు ఉంది. పక్కన ఎవరూ లేరు.

"ఎవరాయన?"

"కాశీపూర్ వైపోడు. పనీ పాటా లేదు, ప్రతీ మీటింగుకీ వొచ్చి కూకుంటాడు. ఓ అరగంట బయటికి తీసుకుపో. ఆటంటే సాలు, తిండి కూడా మర్సిపోతాడు."

కిటికీలోంచి మైదానం కనిపిస్తోంది. నీలవేణి ఒక్కతే ఖోఖో పోల్ చుట్టూ పరుగెడుతోంది.

విజయదుర్గ వెనక వరసకు వెళ్ళింది.

"తాతగారూ, మాది బిస్సమ్ కటక్. మా పిల్ల పోల్ దగ్గర వేగం తగ్గిపోతంది. ఓసారి వొచ్చి సూస్తారా?"

"నేనిక్కడ కూకోవాలమ్మా."

"మాటాడాలా?"

"మాటెందుకు? కూకుంటే సాలు."

"మూడోది భోజనాలయ్యేకే కదా. ఈలోపు వొచ్చేద్దాం."

ఆయన జేబులోంచి అజెండా కాగితం తీసి చదివాడు. మళ్ళీ మడత పెట్టాడు.

"అయితే పద. మోకాలు పట్టేసింది, సెయ్యియ్యి."

ఆమె చెయ్యి అందించింది. ఇద్దరూ వరసల మధ్యనుంచి నడుస్తుంటే హాల్లో మాటలు ఆగాయి. ఇరవై ఆరు బడుల వాళ్ళు కూర్చుని ఉన్నారు.

మైదానంలో ఆయన ఆ పిల్ల పరుగు రెండు చుట్లు చూశాడు.

"ఏటమ్మీ, పోల్ కాడకొచ్చి ఆగిపోతన్నావు? అదేమైనా నీ మేనబావా, సిగ్గుపడ్డానికి?"

నీలవేణి ఫక్కున నవ్వింది.

"రెండడుగుల ముందే వొంగాల. వొంగేక ఇంక ఆలోసన వొద్దు."

"పడిపోతే తాతా?"

"పడితే లెగు. పళ్ళు రాలితే నాలాగుంటావు, అంతే కదా."

ఆరోసారి ఆ పిల్ల ఆగకుండా తిరిగింది. విజయదుర్గ స్టాప్‌వాచ్ చూసింది. రెండేళ్ళుగా తను తగ్గించలేకపోయిన అర సెకను తగ్గింది.

అప్పుడు హాల్లోంచి చప్పట్లు వినిపించాయి.

ముసలాయన అటు తిరిగాడు.

"ఏటా సప్పట్లు?"

"తెలీదు తాతగారూ."

"నిన్నెవరు పంపేరమ్మా?"

విజయదుర్గ స్టాప్‌వాచ్ జేబులో పెట్టుకుంది.

ఆయన గొడుగు తీసుకున్నాడు. ఆమె చెయ్యి అందించింది. ఆయన పట్టుకోలేదు. కుంటుకుంటూ బస్టాండు దారి పట్టాడు.

"తాతా, రేపు కూడా వొస్తావా?" నీలవేణి అరిచింది.

ఆయన వెనక్కి చూడలేదు.

హాలు గోడకు జాబితా అంటించారు. తొమ్మిదో పేరు వాళ్ళ బడిది.

సన్యాసిరావు విస్తరి ముందు కూర్చుని ఉన్నాడు.

"మినహాయింపు రాసేనన్నారు కదా బాబాయ్."

"రాసేను. సభ ఒప్పుకోలేదు. నువ్వుండి అడగాల్సింది."

"బయటికెళ్ళమన్నది మీరే కదా!"

"పప్పు సల్లారిపోతంది. తిని ఎల్లమ్మా."

సోమవారం ఆమె అప్పీలు రాసుకుని సంఘం ఆఫీసుకు వెళ్ళింది. గుమస్తా ప్రవీణ ఆ కాగితం చదివి తిరిగి ఇచ్చేసింది.

"ఇది నిలవదు టీచర్."

"భోజనాల తరవాత అని రాసి, ముందే పెట్టేస్తే?"

"వరస మార్సడం కార్యదర్శి ఇష్టం. నిబంధనల్లోనే ఉంది. దీన్ని ఆపాలంటే ఒకటే దారి."

ప్రవీణ నిబంధనల పుస్తకం తెరిచి తొమ్మిదో నిబంధన చూపించింది. సంఘాన్ని స్థాపించినవాళ్ళలో ఒక్కరు సభలో ఉన్నా, వారు ఒప్పుకుంటే తప్ప ఏ బడినీ తీసేయడానికి లేదు.

"స్థాపించినవాళ్ళు ఎవరు?"

"పదకొండు మంది. పది మంది పోయేరు. ఈ తీర్మానం మూడేళ్ళ నుంచీ పెడతన్నారు. మిగిలినాయన వొచ్చి వెనక కూకుంటాడు. దాంతో తీర్మానం పక్కన పెట్టేస్తారు."

"మరి ఈసారి?"

ప్రవీణ శనివారం సభ మినిట్స్ పుస్తకం ఆమె వైపు తిప్పింది.

11.40: వ్యవస్థాపక సభ్యుడు, కాశీపూర్ రిటైర్డ్ డ్రిల్లు మాస్టారు చిన్నబ్బాయి గారు బిస్సమ్ కటక్ ప్రతినిధి విజయదుర్గ గారి వెంట సభ విడిచి వెళ్ళారు.