ఫిట్టోనియాకు నీళ్లు

“ఏం ఖుర్షీదూ, మళ్ల కూసున్నవా? పదకొండన్న గాలేదు, గప్పుడే నాటకాలా?” నర్సరీ యజమానురాలు మహేశ్వరి కసిరింది.

కుండీల మధ్య కూలబడ్డ ముసలి కూలీ ఖుర్షీద్ బేగం కర్ర పట్టుకుని మెల్లగా లేచింది.

ఎల్లారెడ్డి ఊరి నుంచి మొక్కలు కొనడానికొచ్చినామె ఒక కుండీ చూపించింది. ఎర్రటి నరాలున్న చిన్న ఆకులన్నీ వాలిపోయి ఉన్నాయి.

“ఇది సచ్చిపోయిందా?”

“లేదక్కా,” అంది మహేశ్వరి. “ఇది ఫిట్టోనియా. దాహమైతే గిట్లనే సొమ్మసిల్లి పడిపోతది. దానికి నోరు లేదు గద, మనమే చూసుకోవాలె. గ్లాసెడు నీళ్లు పోస్తే లేస్తది.”

అన్న మాట తనకే తగిలి, మహేశ్వరి వెనక్కి తిరిగి చూసింది. ఖుర్షీద్ పెదవులు ఎండిపోయి ఉన్నాయి. గబగబా వెళ్లి గ్లాసుతో నీళ్లు తెచ్చింది.

“తాగు ఖుర్షీదమ్మా. దాహమైతుందని చెప్పొద్దా?”

“ఒక్కపొద్దున్న బిడ్డా. రంజాన్ గద, నెలవంక కనవడ్డకాడికెల్లి రోజా ఉంటున్న.”

మహేశ్వరి చెయ్యి అలాగే ఆగిపోయింది. పద్దెనిమిది రోజులుగా తను ఈమె ఎదురుగానే టిఫిన్ డబ్బా విప్పి తింటున్నది. రంజాన్ వచ్చిందని తెలియకనా? నిన్న సాయంత్రమే రంజాన్ నెలలో అమ్మే హలీమ్ తెప్పించుకుంది. వెళ్లి తెచ్చింది ఖుర్షీదే.

ఖుర్షీద్ నవ్వి ఆ గ్లాసు అందుకుంది. “దీనికైతే ఒక్కపొద్దు లేదు గద!” అంటూ నీళ్లు ఫిట్టోనియాకు పోసింది.

మధ్యాహ్నానికి ఆకులన్నీ లేచి నిలబడ్డాయి. మహేశ్వరి డబ్బా మాత్రం మూత తీయకుండానే ఉంది.

“తిను బిడ్డా, నాకేం గాదు,” అంది ఖుర్షీద్.

మహేశ్వరి డబ్బా తీసి సంచిలో పెట్టేసింది.