ఉచ్చీరమ్మ కుర్చీ

ఎమ్మిగనూరులో పెళ్లి ఫొటోలు వదులుకుని ఆస్పరికి వచ్చిన ఫొటోగ్రాఫరు దేవదాసుకు ఒళ్లు మండిపోయింది. శవానికి ఫొటో తీయాలని కబురంపారు. తీరా వచ్చి చూస్తే ఉచ్చీరమ్మ లోపల మంచం మీద దగ్గుతూ ఉంది.

“రోంతసేపు కూసోన్నా. సాయంత్రం లోపల అయిపోతాది” అన్నాడు ఆమె కొడుకు. “మా నాయనకు తీసినట్లే అమ్మకూ కుర్చీలో కూసోబెట్టి తియ్యల్ల.”

“బతికుండంగా తీస్తే ఏం పోతాది?”

“ఆయుస్సు తగ్గుతాదంట.”

“తల్లి ఎప్పుడు సస్తాదా అని కాసుకోని కూసున్నావు. నువ్వు నాకు ఆయుస్సు గురించి సెప్తాండావా? సిగ్గు లేదా నీకు?” దేవదాసు అరుపులకు వీధిలో పోయేవాళ్లు ఆగి చూశారు.

ఉచ్చీరమ్మ గోడ పట్టుకుని బయటికి వచ్చింది. పట్టుకోబోయిన కొడుకు చేతిని విసిరికొట్టింది. వసారాలో వేసి ఉన్న కుర్చీలో నిటారుగా కూర్చుని, కొంగు సర్దుకుంది.

దేవదాసు గబగబా కెమెరా నిలబెట్టి నల్లగుడ్డ కప్పుకోబోయాడు.

“ఆగప్పా” అందామె. “వాని మీద అరిసింది సాలు. పోయినేడు నా మొగుని తల వాలిపోతాందని, నేను వద్దొద్దని మొత్తుకుంటాన్నా ఇనకుండా పీనుగును ఈ కుర్చీకే కట్టి తీసినావు. ఆ ఫొటోలో ఆయప్ప మెడ కింద తాడు ఇప్పటికీ కనపడతాంది.”

దేవదాసు తన కెమెరా సంచిని కాలితో వెనక్కి జరిపాడు.

“ఈ పొద్దు గూడా ఆ సంచిలో తాడు తెచ్చుకోనుంటావు. ముందర దాన్ని బయట పారేసి రా. నేను కూసుంటా, నాకు ఎవురూ కట్టే పని లేదు.”