పేరు చెక్కని రాయి

తన కొడుకు సమాధి పక్కన ఎవరో కొత్తావిడ మోకాళ్ళ మీద కూర్చుని నాచు గీకుతుంటే కత్తెరమ్మకి ఒళ్ళు మండింది.

కత్తెరమ్మ అంటే చర్చి వీధి చివర దర్జీ కొట్టు నడిపే మనిషి. చేతిలో ఉన్నదే కాదు, నోట్లో ఉన్నదీ కత్తెరేనని వీధి వాళ్ళు ఆ పేరు పెట్టారు.

“ఏమ్మా, దారి తప్పావా? ఇది మా అబ్బాయిది.”

కొత్తావిడ చేతిలో బ్రష్ ఆగింది. రాయి వంక చూసింది. కత్తెరమ్మ వంక చూసింది.

“మీ అబ్బాయిదా అక్కా?”

“కాక మరెవరిది?”

నిజానికి ఆ రాయి మీద పేరు లేదు. ఒక సిలువ, దాని కింద ‘దేవుడెరిగిన సైనికుడు’ అన్న మాట, అంతే. యుద్ధంలో గుర్తుపట్టలేని స్థితిలో దొరికిన ఒక కుర్రవాణ్ణి తెచ్చి, చర్చి వెనక మిగతా సైనికుల సరసన పాతిపెట్టారు.

అదే యుద్ధానికి వెళ్ళిన కత్తెరమ్మ కొడుకు తిరిగి రాలేదు. శవమూ రాలేదు.

ఏడవడానికైనా ఓ చోటు కావాలి కదా. వీడే నా కొడుకని ఆమె ఆ రాయిని పట్టుకుంది. రుజువేమిటని అడిగే ధైర్యం వీధిలో ఎవరికీ లేదు. పాస్టరుగారికి అసలే లేదు.

కొత్తావిడ వాదించలేదు. బకెట్లో నీళ్ళు మిగిలాయి, రాయి కడిగేసి వెళ్ళనా అని మాత్రం అడిగింది.

ఆ అణకువకి కత్తెరమ్మ మెత్తబడింది. మెత్తబడితే ఇక ఆ నోటికి అడ్డూ ఆపూ ఉండదు. కొడుకు చొక్కా కొలతల దగ్గర మొదలుపెట్టింది. వాడు నవ్వితే పక్క వీధికి వినపడేదంది. మిషను తొక్కడం నేర్చుకోరా అంటే తుపాకీ పట్టాడంది. అలాంటి కొడుకుని కన్నందుకు తన గుండె ఇప్పటికీ పొంగుతుందంది. ఆవిడ బ్రష్ పక్కన పెట్టి, ఒక్క మాట వదలకుండా విన్నది.

చివర్లో కత్తెరమ్మకి మర్యాద గుర్తొచ్చింది.

“నీకెవరున్నారు?”

“ఒక్కడే కొడుకు. వాడూ ఆ యుద్ధంలోనే.”

“సమాధి ఎక్కడ?”

“వాడి పేరుతో రాయి లేదక్కా.”

కత్తెరమ్మ గుండె కలుక్కుమంది. అప్పటికప్పుడు వరమిచ్చేసింది.

“సరేలే, మా వాడి దగ్గరే ఓ మూల నువ్వూ కొవ్వొత్తి పెట్టుకో. మా వాడేం అనుకోడు.”

“చాలక్కా. అంతే చాలు,” అంది ఆవిడ.

అప్పట్నుంచీ ఏటా అమరుల ఆదివారానికి ఆవిడ రైలెక్కి వచ్చేది. విశ్వాసం కోసం ప్రాణాలిచ్చినవాళ్ళనీ, యుద్ధంలో పోయినవాళ్ళనీ ఆ చర్చి ఒకేరోజు తలచుకుంటుంది. ఆరాధన అయ్యాక ఏ ఇంటివాళ్ళు ఆ ఇంటి సమాధి దగ్గర నిలబడి, పోయినవాడి పేరు పైకి చెప్పాలి. కత్తెరమ్మ చెప్పే పేరు గేటు బయటికి వినపడేది. పక్కన ఆవిడ “ఆమేన్” అనేది. నీ కొడుకు పేరు కూడా చెప్పుకోరాదూ అంటే, మనసులో చెప్పుకున్నానక్కా అనేది.

పెత్తనమంతా కత్తెరమ్మదే. కొవ్వొత్తి అక్కడ పెట్టకు, పూలు అలా కాదు ఇలా అని ఆమె సాధిస్తుంటే ఆవిడ అన్నిటికీ తలూపేది.

ఒక ఏడు ఆ ఆదివారానికి ముందు పాస్టరుగారు దర్జీ కొట్టుకి వచ్చారు. మిషను ఆగేదాకా నిలబడి, ఆవిడ పోయిందని చెప్పారు. ఆ రాయి పక్కనే తనని పాతిపెట్టమని కోరుకుందట. కాని మీరు సరేనంటేనే అని మరీ మరీ చెప్పిందట.

కత్తెరమ్మ కళ్ళు తుడుచుకుంది.

“దానికి నన్నడగాలా? పిచ్చిది. మా వాడికీ తోడుంటుంది. కొడుక్కి రాయైనా లేని తల్లి, పాపం.”

పాస్టరుగారు కస్టమర్ల బల్ల మీద కూలబడ్డారు. ఆవిడ బతికుండగా చెప్పనని మాటిచ్చాననీ, ఇక దాచడం తన వల్ల కాదనీ అన్నారు.

“ఆ సమాధిలో ఉన్నది ఆమె కొడుకేనమ్మా. సైన్యం వాళ్ళే పరీక్షలు చేసి తేల్చారు. ఆవేళ వచ్చింది పేరు చెక్కించడానికే. మిమ్మల్ని చూశాక నా దగ్గరికొచ్చి వద్దంది. ‘ఆ అక్కకి ఈ రాయి తప్ప ఇంకేం లేదు. నా బిడ్డ కోసం ఇంకో తల్లి కూడా ఏడిస్తే వాడికి ఎక్కువే గాని తక్కువేముంది’ అంది.”

కత్తెరమ్మ మిషను మీది గుడ్డ తీసి పక్కన పెట్టింది. సిగ్గుతో, దుఃఖంతో తల దించుకుంది. తేరుకున్నాక ఒక్కటే అడిగింది, ఆ అబ్బాయి పేరేమిటని.

ఆదివారం వచ్చింది. రాయి పక్కన కొత్త మట్టి ఇంకా తడిగానే ఉంది. కత్తెరమ్మ నిటారుగా నిలబడి, ఆవిడ కొడుకు పేరు ఎప్పటికన్నా గట్టిగా చెప్పింది. ఆ తల్లి పేరు కూడా కలిపి చెప్పింది. అంత గర్వంగా ఆమె మాట్లాడటం ఎవరూ చూడలేదు.

పక్క సమాధి దగ్గరున్న ముసలాయనకి అయోమయంగా ఉంది.

“మరి మీ అబ్బాయమ్మా?”

“మా వాడికేం బాబాయ్,” అంది కత్తెరమ్మ తలెత్తి. “ఎక్కడో పేరు లేని రాయి కింద ఉండే ఉంటాడు. ఏ తల్లో వాణ్ణి తన కొడుకనుకుని చూసుకుంటూనే ఉంటుంది.”