ఉన్నదున్నట్టు

"మళ్లీ మార్చేవు!"

రేచల్ మైకు స్టాండు తోసేసింది. డ్రమ్ముల మీద నాగసతీష్ చేతులు ఆగిపోయాయి. దుర్గాసాయి మాత్రం గిటార్ తీగ మీంచి వేలు తియ్యలేదు.

"కాగితంలో నేనేం రాసేను? నువ్వేం వాయించేవు?"

"అప్పటికి అదే తోచిందండి."

"తోచడానికి ఇది నీ పాటా?"

పాట రేచల్‌దే. సఖినేటిపల్లి రేవులో గోదారి దాటించే పంటు కోసం ఎదురుచూస్తూ రాసుకుంది. ఏడాదిగా ముక్తేశ్వరంలో కొబ్బరి డిపో మీది గదిలో ముగ్గురూ సాధన చేస్తున్నారు. శనివారం అమలాపురంలో రాక్ బ్యాండ్ల పోటీ. గెలిచిన పాటను హైదరాబాదులో రికార్డు చేస్తారు. ఆమెకు అంతకన్నా ఇంకేమీ అక్కర్లేదు.

దుర్గాసాయి ఆ పాటను ఏ రోజూ ఒకేలా వాయించలేదు. మొన్న పల్లవి కాగానే ఎటో ఎగిరిపోయాడు. నిన్న చరణం మధ్యలో ఒకే తీగను సాగదీసి సాగదీసి వదిలాడు. ఇవాళ ఆఖరి వరసకు ముందు కొత్త ముక్క అతికించాడు. కింద డిపోలో కాయలు వలిచేవాళ్లు కూడా "భలే అల్లుతున్నాడండీ కుర్రాడు!" అన్నారు. రేచల్‌కి ఒళ్లు మండింది.

"ఉన్నదున్నట్టు వాయిస్తావా, పోతావా?"

"నేను లేకపోతే కష్టమండి."

"అబ్బో! తమరు లేకపోతే గోదారి ఆగిపోద్దా? దిగు మెట్లు."

"ఆయ్" అని గిటార్ సంచిలో పెట్టుకుని వెళ్లిపోయాడు.

రేచల్ రాజోలులో గిటార్ వాయించే ఆకాష్‌కి కాగితం ఫోన్లో పంపింది. అతను ఇంట్లోనే నేర్చుకుని, పోటీరోజు నేరుగా స్టేజీ దగ్గరికొచ్చి వినిపించాడు. పొల్లు పోలేదు.

"చూసేవా సతీషన్నా, వాయించడమంటే ఇదీ!"

"ఓసారి కలిపి పాడి చూద్దామమ్మా."

"ఏం అక్కర్లేదు."

స్టేజీ ఎక్కాక, రెండో చరణంలో పాట ఓ దారి, గిటార్ ఓ దారి అయ్యాయి. జనం ఈలలు వేశారు. "దిగండెహే!" అని ఎవరో అరిచారు.

దిగీదిగగానే రేచల్ ఆకాష్ మీద విరుచుకుపడింది.

"కాగితం తప్పేవు!"

"ఒక్క స్వరం తప్పలేదండి. వీడియో చూసుకోండి."

చూసింది. నిజమే, తప్పలేదు.

"మరి నా పాట ఎందుకు చెడింది? సతీషన్నా, నువ్వైనా చెప్పు!"

నాగసతీష్ మొదటిసారి ఆమె కళ్లలోకి చూశాడు.

"నువ్వు రోజుకో చోట తాళం తప్పుతుంటే, దుర్గాసాయి రోజుకోలా వాయించక ఏం చేస్తాడమ్మా?"