తడిక బయట

"ఎంతెత్తు కట్టమంటావు బావా?" అని అడిగాను.

తుఫానుకు కంచరపాలెంలో గవర్రాజు బారు తోటలోని తాటాకు గుడిసెలు పడిపోయాయి. తాగేవాళ్లు బయటికి కనబడకుండా ఒక్కో గుడిసె చుట్టూ తడిక కట్టాలి.

"తల మునిగేలా కట్టు. ఆడోళ్లు గేటు కాడినించే మొగుళ్లని ఎతికేత్తన్నారు."

"మాయావిడ ఏనాడూ రాలేదులే. గుండి నొప్పొచ్చినా కబురెట్టలేదు. అంత పొగరు."

నా భార్య కనకరత్నం ఆ నొప్పితోనే పోయి తొమ్మిదేళ్లు. ఆ కోపం మొదటిసారి బయటపెట్టాను.

గవర్రాజు నా ముఖం చూడలేదు. "రాకపోడమేటి? ఆ రోజు వొచ్చింది."

తాడు ముడివేస్తున్న నా చెయ్యి ఆగిపోయింది.

"నువ్వు లోపల తాగతన్నావు. ఎవులొచ్చినా లేనని సెప్పమన్నావు. లేడనీసినాను."

"పోర్టు పని ఎగ్గొట్టినాను గదా, మేస్త్రీ వొత్తే లేనని సెప్పమన్నాను."

"ఎవులొచ్చినా అన్నావు బావా."

"నమ్మిందా?"

"ఏటి నమ్మడం? ఇంటి ముందిడిసినట్టు తడిక బయట నీ సెప్పులిడిసినావు. గుండి పట్టుకుని వాటేపే సూసింది. 'నానొచ్చినట్టు ఆయనకి సెప్పకు అన్నియ్యా' అనీసి ఎలిపోనాది."

"ఇన్నేళ్లూ ఎందుకు సెప్పలేదు?"

"ఆ సాయంత్రమే పోయింది. నాకు నోరు రాలేదు. నువ్వూ ఎప్పుడూ అడగలేదు."

నిజమే. నొప్పి మొదలయ్యాక ఆమె ఎక్కడికి వెళ్లిందో, ఎవరిని పిలిచిందో నేను ఒక్కరినీ అడగలేదు. తొమ్మిదేళ్లూ ఆమెను తిట్టుకోవడానికే సరిపోయింది.