తెగని కూత

విజిల్ మోగింది. కొత్తపేట మైదానంలో జనం గోల పెట్టారు. అవతలి జట్టులో ఇద్దర్ని ముట్టుకుని గీత దాటి వచ్చిన లోవరాజును రిఫరీ సూర్యనారాయణమూర్తి మేస్టారు అవుట్ చేసేశారు. కూత తెగిందట.

తెగలేదని లోవరాజుకు తెలుసు, చూస్తున్న జనానికీ తెలుసు. కిందటేడు కాయల దింపు తీస్తూ కొబ్బరిచెట్టు మీంచి పడ్డప్పటి నుంచీ అతనికి పక్కటెముక పట్టేస్తోంది, ఊపిరి పీల్చినట్టు డొక్క ఎగిసిపడుతోంది. నోట్లో కబడ్డీ కూత మాత్రం ఒక్క ఊపిరిలో ఆగకుండా సాగుతుంది. అయినా రాజోలులో మేస్టారిది ఇదే తీర్పు, అమలాపురంలో ఇదే తీర్పు; ఇది మూడోది. సీజన్‌లో మూడుసార్లు కూత తెగితే జిల్లా జట్టులోకి తీసుకోకూడదని ఆ ఏడాది, 1978లో, టోర్నమెంటు కమిటీ పెట్టిన నియమం. జిల్లాకి ఆడితే విశాఖలో ఓ కంపెనీ ఉద్యోగం ఇస్తానంది. లేదంటే మళ్లీ చెట్టెక్కాలి. ఈసారి పడితే లేవనని అతని భయం.

మేస్టారి దగ్గర ఎవరి పప్పులూ ఉడకవు. ప్రెసిడెంటుగారి మేనల్లుడైనా, ఓడలరేవు కూలివాడైనా ఒకటే కొలత. ఆటగాడి డొక్కల మీంచి చూపు తిప్పరు. జనం బూతులు తిట్టినా తొణకరు. మహానుభావుడని పేపర్లో కూడా రాశారు.

మేస్టారు రాసే ఆట రిపోర్టు సాయంత్రం బస్సుకి కాకినాడలో కమిటీకి వెళ్లిపోతుంది. లోవరాజు పరుగున మేస్టారింటికి వెళ్లాడు. ఆయన అరుగు మీద, వీధికి వీపు పెట్టి రాసుకుంటున్నారు. పెద్దాయన రాసుకుంటుంటే ఎదురుగా వెళ్లి నిలబడడం మర్యాద కాదని, మెట్టు కిందే ఆగి చేతులు కట్టుకున్నాడు.

"మేస్టారండీ, ఈ ఒక్కటీ కొట్టెయ్యండి. నన్ను మళ్లీ చెట్టెక్కించకండి."

కలం ఆగలేదు. లోవరాజు ఎముక సంగతి చెప్పుకున్నాడు, ఇద్దరు పిల్లల సంగతి చెప్పుకున్నాడు, చివరికి ఏడ్చేశాడు. ఆయన కాగితం మడిచి కవరులో పెట్టారు. ఇంత రాతిగుండె మనిషి కూడా ఉంటాడా అనుకుంటూ లోవరాజు మెట్టు మీద కూలబడిపోయాడు.

అంతలో మేస్టారి భార్య కామాక్షిగారు గుమ్మంలోకి వచ్చారు.

"మీరైనా అడగండమ్మా. నా కూత తెగడం ఆయన చెవులారా విన్నారాండీ?"

ఆవిడ కళ్లు తుడుచుకుని, భర్త వెనకే నిలబడి, గొంతు తగ్గించకుండానే చెప్పేశారు.

"ఆయనకి వినపడక ఏడాది దాటింది బాబూ."